ఎండిన వంకకు కట్టిన కట్ట

పోయిన ఎపిసోడ్‌లో డెర్నా పేరు ఒక్కసారి ఎత్తి వదిలేశాను. టైమ్ చాల్లేదు. ఆ తర్వాత చాలామంది వాయిస్ మెసేజ్‌లు పెట్టారు, "అన్నా, ఆ లిబియా డ్యామ్ ఎందుకు తెగింది, వివరంగా చెప్పు" అని. మాట్లాడితే గంట పట్టేట్టుంది, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక తేడా చెప్పాలి. మన ఊర్లో కట్ట అంటే దాని వెనక నీళ్లుంటాయి. కట్ట ఎక్కితే ఒక పక్క చెరువు, ఒక పక్క మళ్లు. కట్టకు ఎక్కడన్నా బుంగ పడితే ఆ పొద్దే కనబడుతుంది. కింద మడిలో నీళ్లు ఊరతాయి, నీరుగంటి చూస్తాడు, పదిమందీ గడ్డపారలు తీసుకుని ఉరుకుతారు. ఎందుకంటే ఆ నీళ్లే వాళ్ల పంట.

గల్ఫ్‌లో, లిబియాలో వాదీ మీద కట్టే వరద కట్ట అలాంటిది కాదు. వాదీ అంటే మన వంకే. ఏడాదిలో మూడొందల అరవై రోజులు ఇసకా రాళ్లే. వరద వచ్చిన ఆ రెండు రోజులు నీళ్లను ఆపి, కింది ఊరికి మెల్లగా వదలడమే ఆ కట్ట పని. మిగతా కాలమంతా ఖాళీగా ఉంటుంది. బుంగ ఉన్నా తెలీదు, నీళ్లు లేవు కాబట్టి. లోపలి బంకమట్టి ఎండి పగిలినా తెలీదు. దాని మీద పంట పండించే రైతు లేడు, కాబట్టి రోజూ చూసే మనిషీ లేడు. పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ ఆ కట్టకు అది మొదటి పరీక్ష లెక్కే. డెర్నా కథంతా ఇందులోనే ఉంది.

డెర్నా లిబియా తూర్పున మధ్యధరా సముద్రం ఒడ్డునున్న ఊరు. వెనక జబల్ అఖ్దర్, అంటే పచ్చకొండ. అక్కడి నుంచి దిగే వాదీ ఊరి నడిమధ్యన పారి సముద్రంలో కలుస్తుంది. ఊరు వంకకు రెండు పక్కలా పెరిగింది. 1942లో, 1959లో, 1968లో వరదలొచ్చి ఊరిని దెబ్బకొట్టాయి. అప్పుడు ప్రభుత్వం కట్టలు కట్టాలనుకుంది. 1973 నుంచి 1977 దాకా యుగొస్లావియా కంపెనీ ఒకటి రెండు కట్టలు కట్టింది. ఊరికి సుమారు 13 కిలోమీటర్ల పైన అబూ మన్సూర్, ఊరి అంచుకు కిలోమీటరు దూరంలో అల్ బిలాద్. రెండూ నడుమ బంకమట్టి గోడ, రెండు పక్కలా రాళ్లూ మట్టీ పోసి రోలర్‌తో తొక్కించినవే. ఎక్కువైన నీళ్లు పోవడానికి నూతి నోరు లాంటి అలుగు పెట్టారు. నీళ్లు ఆ మట్టానికి వస్తే నూతిలో పడి, అడుగున సొరంగం గుండా అవతలికి పోతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. అబూ మన్సూర్‌లో పట్టేది 2 కోట్ల 25 లక్షల ఘనపు మీటర్లు. మన లెక్కలో చెప్తే 0.8 టీఎంసీ, ఒక టీఎంసీ కూడా లేదు. అల్ బిలాద్‌లో పట్టేది 15 లక్షల ఘనపు మీటర్లు. పైదాంట్లో పదిహేనో వంతు. పైకట్ట తెగితే కిందికట్ట ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు, చెంబులో బిందె నీళ్లు పోసినట్టే. కాబట్టి ఊరికి నిజమైన కాపలా పైన కొండల్లో, ఎవరూ పోని చోట ఉంది. ఊరోళ్లకు రోజూ కనబడేది కింది కట్టే.

1986లో పెద్ద వరద వచ్చింది. కట్టలు దెబ్బతిన్నాయి గానీ నిలబడ్డాయి, ఊరు బతికింది. నా అభిప్రాయం ఏమంటే, డెర్నాకు ఆ గెలుపే చేటు చేసింది. కట్ట నిలిచింది కదా అని జనానికి ధైర్యం వచ్చింది. వంక గట్ల మీద అపార్ట్‌మెంట్లు లేచాయి. కట్టకు తగిలిన దెబ్బ మాత్రం అట్లే ఉండిపోయింది.

1998లో చేసిన పరిశీలనలో కట్టల్లో పగుళ్లు కనబడ్డాయి. తర్వాత ఇటలీ కంపెనీ ఒకటి వచ్చి చూసి, నిజమే అంది, ఊరి రక్షణకు మూడో కట్ట కూడా కట్టమంది. 2007లో మరమ్మతు పని తుర్కియే కంపెనీకి ఇచ్చారు. పని మొదలైంది 2010 అక్టోబర్‌లో. అయిదు నెలలు నిండకముందే 2011లో దేశంలో తిరుగుబాటు లేచి సైట్ ఆగిపోయింది. సైట్ ఆగడమంటే ఏందో మనకు తెలుసు. మిషన్లు పోతాయి, కంచె పోతుంది, రికార్డులు పోతాయి. 2012, 2013లో మరమ్మతులకని 20 లక్షల డాలర్ల పైన కేటాయించారు. అయినా పని జరగలేదని 2021లో ఆ దేశపు ఆడిట్ సంస్థే రాసింది. అప్పటికి దేశం చీలి ఉంది. 2022లో ఒమర్ అల్ ముఖ్తార్ యూనివర్సిటీకి చెందిన అబ్దుల్‌వనీస్ అషూర్ అనే ఇంజినీర్ పాత వరదల లెక్కలన్నీ వేసి, ఈ కట్టలను వెంటనే చూసుకోకపోతే పెద్ద వరదకు ఊరు మునిగిపోతుందని పరిశోధన పత్రంలో హెచ్చరించాడు.

2023 సెప్టెంబర్ 10న డేనియల్ తుఫాను లిబియా ఒడ్డు తాకింది. అంతకు కొద్దిరోజుల ముందే గ్రీసును ముంచి వచ్చింది. జబల్ అఖ్దర్ మీదే ఉన్న బైదా ఊర్లో 24 గంటల్లో 414 మిల్లీమీటర్లు పడింది. మా కడప జిల్లాలో ఏడాదంతా పడేది సుమారు 700. ఆ లెక్కన ఊహించుకోండి.

మట్టికట్టకు చావు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి బుంగ. లోపల సన్నగా నీళ్లు కారుతూ మట్టిని మోసుకుపోతాయి, సందు పెద్దదవుతుంది, ఒక్కసారిగా కూలుతుంది. కారే నీళ్లు తేటగా ఉంటే కొంత టైమ్ ఉన్నట్టు, బురదగా ఉంటే పరుగెత్తాల్సిందే. రెండోది పొర్లడం. అలుగు చాలక నీళ్లు కట్ట నెత్తిమీదుగా దూకితే, వెనక వాలు కోసుకుపోతుంది. కాంక్రీటు కొంతసేపు ఓర్చుకుంటుంది, మట్టి ఓర్చుకోదు. డెర్నాలో ఆ రాత్రి నీళ్లు కట్ట నెత్తి దాటాయి. తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో పైకట్ట, దాని వెంటే కిందికట్ట పోయాయి. ఊరి నడుమ బ్లాకులకు బ్లాకులు సముద్రంలోకి కొట్టుకుపోయాయి. ఊరు వదిలి పొమ్మని కొందరికి చెప్పారు, ఇంట్లోనే ఉండమని కొందరికి చెప్పారు. నిద్రలో ఉన్నవాళ్లే ఎక్కువమంది. ఐక్యరాజ్యసమితి లెక్కలో నమోదైన చావులే 5,900 పైన. కనబడకుండా పోయినవాళ్లు ఇంకా వేలమంది.

అందులో మనలాంటివాళ్లున్నారు. ఈజిప్టు, సిరియా, సూడాన్, బంగ్లాదేశ్ నుంచి పనికి వచ్చినవాళ్లు. ఈజిప్టులో బెనీ సుయెఫ్ దగ్గర ఒక పల్లె, అల్ షరీఫ్. ఆ ఒక్క పల్లె నుంచి డెర్నాకు కూలికి పోయినవాళ్లలో 70 మందికి పైగా శవాలై తిరిగొచ్చారు, ఒకేసారి పూడ్చారు. బాడుగ తక్కువున్న చోటే మనం ఉంటాం. బాడుగ తక్కువున్న చోటు చాలాసార్లు పల్లంలోనే ఉంటుంది.

2024 జూలైలో డెర్నా కోర్టు 12 మంది అధికారులకు 9 నుంచి 27 ఏళ్ల జైలు వేసింది.

రాజంపేట, రాయచోటి, పుల్లంపేట నుంచి కువైట్‌లో ఉన్నవాళ్లు ఇది చదువుతూ చెయ్యేరునే తలుచుకుంటుంటారు. అది సాగునీటి ప్రాజెక్టు, వరద కట్ట కాదు, నిజమే. కానీ 2021 నవంబర్ 19న జరిగిందీ ఇదే వరస. పైన పింఛా నుంచి వచ్చిన వరద కింద అన్నమయ్య మీద పడింది. అయిదు గేట్లలో ఒకటి లేవలేదని కేంద్ర మంత్రి పార్లమెంటులో చెప్పాడు. నీళ్లు మట్టికట్ట మీదుగా పొర్లాయి. కాంక్రీటు గేట్లు నిలబడే ఉన్నాయి, పక్కన కట్ట లేదు. పులపత్తూరు, మందపల్లి ఫోటోలు నేను ఇక్కడ మస్కట్‌లో ఫోన్‌లో చూశాను. మా చిన్నమ్మ వాళ్లకు రెండు రోజులు ఫోన్ తగల్లేదు.

ఒమన్‌లో 2007 గోను తుఫాను తర్వాత మస్కట్ చుట్టూ వరద కట్టల మీద శ్రద్ధ పెరిగింది. అలాంటి పని ఒకదానిలో నేను కొన్నాళ్లు మట్టిపనికి సూపర్‌వైజర్‌గా చేశాను. ఒక రోజు ఒక పొర కంపాక్షన్ టెస్ట్‌లో ఫెయిలైంది. తేమ చాల్లేదు. తీసి మళ్లీ పోయమన్నాను. డోజర్ ఆపరేటర్ నవ్వి, "భయ్యా, ఇక్కడ నీళ్లెక్కడున్నాయని ఇంత గోల?" అన్నాడు. ఆ పొద్దు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, పగుళ్లు చూసి కూడా ఏళ్ల తరబడి ఊరుకున్నవాళ్లందరి మనసులో ఉన్నదీ ఆ మాటే.

డెర్నా వీడియోలు వచ్చిన వారం మా క్యాంప్‌లో ఒక బంగ్లా కుర్రాడు నన్నడిగాడు, "మన పైనున్నదీ మట్టి కట్టే కదా, అది అలాంటిదేనా?" అని. మా క్యాంప్ వాదీ అంచున ఉంది, పైన మూడు కిలోమీటర్లలో వేరేవాళ్లు ఎప్పుడో కట్టిన చిన్న కట్ట. నాకు జవాబు తెలీలేదు. శుక్రవారం ఇద్దరం పోయి చూశాం. కట్ట నెత్తి సమంగానే ఉంది, ఎక్కడా కుంగలేదు. వెనక వాలులో సర్కారు తుమ్మ మొలిచింది, రెండు చెట్లు నా చెయ్యంత మందం ఉన్నాయి. వేర్లు కుళ్లితే అదే బుంగకు దారి. నీళ్లు పోయే గొట్టం నోటికి ప్లాస్టిక్, చచ్చిన మేక, ఒక పాత పరుపు అడ్డం పడి ఉన్నాయి.

ఫోటోలు తీసి మా ప్రాజెక్ట్ మేనేజర్‌కు మెయిల్ పెట్టాను, లొకేషన్‌తో సహా. ఆయన పైకి పంపాడు. నెల తర్వాత పోయి చూస్తే గొట్టం నోరు శుభ్రంగా ఉంది. తుమ్మ చెట్లు ఉన్నాయి. ఫోటోలు మళ్లీ పంపాను. ఈలోగా కుర్రాళ్ల కంటైనర్లు రెండింటిని వంక అంచు నుంచి తీయించి గట్టు మీద పెట్టించాను. బాత్రూమ్ దూరమైందని రోజూ నన్ను తిడుతున్నారు.