మెయిళ్లకు కాపలా

రాత్రి తొమ్మిదిన్నర. జంగారెడ్డిగూడెంలో ఒక పొగాకు వ్యాపారి ఆఫీసు. పక్క గోడౌన్‌లోంచి వర్జీనియా ఆకు వాసన ఘాటుగా కొడుతోంది. మీరు కుర్చీ లాక్కుని స్క్రీన్ పక్కనే కూర్చున్నారు. తెల్లారితే వేలం, బేళ్ల లెక్కలు, ఇన్వాయిస్‌లు, గుంటూరు ఎగుమతిదారుల మెయిళ్లు అన్నీ మూలనున్న ఈ సర్వర్ మీదుగానే పోవాలి. అందుకే దీనికి వైరస్ కాపలా పెట్టే పనిని రాత్రికి పెట్టుకున్నారు.

"ఈలోగా వచ్చే మెయిళ్లు పోతాయేమో బాబూ?" అంటారు గుమాస్తా గారు, సర్వర్ పని చూస్తున్న కుర్రాడితో.

"పోవండి. మన సర్వర్ పలక్కపోతే, పంపినవాళ్ల సర్వర్ వాటిని తన దగ్గరే ఉంచుకుని మళ్లీ మళ్లీ పంపుద్దండి."

కుర్రాడు ముందుగా సెట్టింగుల ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకున్నాడు. మెయిళ్లను నడిపే పోస్ట్‌ఫిక్స్‌ను ఆపాడు. క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్ ఇన్‌స్టాల్ అయింది. ఇప్పుడు దాని అప్‌డేట్ ప్రోగ్రామ్ ఫ్రెష్‌క్లామ్ వైరస్ గుర్తుల జాబితాను దింపుకుంటోంది. అదంతా మెమరీలోకి ఎక్కాలి, ఒక జీబీకి పైనే తింటుంది. పాత రెండు జీబీలతో మెయిలే కుంటుపడుతుందని సాయంత్రమే ర్యామ్ పెంచారు.

ఇక దారి మళ్లించాలి. వచ్చిన ప్రతి మెయిల్‌నూ పోస్ట్‌ఫిక్స్ 10024 పోర్టులో అమావిస్ అనే తనిఖీ ప్రోగ్రామ్‌కు అందిస్తుంది. వేలంలో బేలు విప్పి ఆకు చూసినట్టు, అది అటాచ్‌మెంట్‌ను విప్పుతుంది. జిప్ లోపల జిప్ ఉన్నా వదలకుండా క్లామ్‌ఏవీకి చూపిస్తుంది. శుభ్రమని తేలిన మెయిలే 10025 పోర్టులో తిరిగొస్తుంది.

పరీక్షకు అసలు వైరస్ అక్కర్లేదు. 68 అక్షరాల ఐకార్ ఫైల్ ఉంది. దానివల్ల ఏ హానీ లేదు, కానీ యాంటీవైరస్‌లు దాన్ని వైరస్‌లాగే పట్టుకుంటాయి. కుర్రాడు పోస్ట్‌ఫిక్స్‌ను మళ్లీ నడిపించి, దాన్ని ఒక మెయిల్‌కు జతచేసి పంపాడు. ఇన్‌బాక్స్‌లోకి ఏమీ రాలేదు. లాగ్‌లో మాత్రం కొత్త వరుస: "బ్లాక్డ్ ఇన్ఫెక్టెడ్". వెంటనే మామూలు బిల్లు పంపితే క్షణాల్లో వచ్చి వాలింది. గుమాస్తా గారి ముఖం విప్పారింది.

"ఇంక బెంగ లేనట్టేనా?"

"అలా వదిలెయ్యకూడదండి. 2021 మార్చి 2న మైక్రోసాఫ్ట్ తన ఎక్స్ఛేంజ్ సర్వర్లలోని లొసుగులకు ప్యాచ్‌లు ఇచ్చింది. వాటిని వెంటనే వేసుకోని కంపెనీల్లోకి ఆ తర్వాత కూడా దొంగలు జొరబడ్డారు. వైరస్ జాబితా దానంతటదే అప్‌డేట్ అవుద్దండి. సర్వర్ ప్యాచ్‌లు వేసుకోవడం మాత్రం మన పనే."

ఇంకో ప్రమాదం ఉంది, అది ఈ కాపలాకు చిక్కదు. "మా బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇందులో వేయండి" అని రెండు వాక్యాల మెయిల్ వస్తుంది. అందులో అటాచ్‌మెంట్ ఉండదు, వైరస్ ఉండదు. క్లామ్‌ఏవీకి అందులో పట్టుకోడానికి ఏమీ దొరకదు, అది నేరుగా లోపలికి వచ్చేస్తుంది.

అందుకే గుమాస్తా గారు క్యాష్ పుస్తకం మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాసుకున్నారు: ఖాతా మారిందంటే, మెయిల్‌లో ఉన్న నంబరుకు కాదు, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేయాలి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. ఈ రెండు వాక్యాలూ పాటిస్తేనే ఈ రాత్రి పడ్డ శ్రమకు ఫలితం దక్కుతుంది.