వాగు రాళ్ల కింద రాతి ఈగ

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా దోర్నపాల్ శబరి ఒడ్డున ఉంది. ఆవలి గట్టు ఒడిశా. కోరాపుట్ కొండల్లో కొలాబ్ పేరుతో పుట్టిన ఈ నది బస్తర్ కొండవాగులను కలుపుకొని, ఆంధ్రప్రదేశ్‌లోని కూనవరం వద్ద గోదావరిలో చేరుతుంది. వాగు ఇసుకలో చెలమలు తవ్వి నీరు తోడుకునే పల్లెలు బస్తర్‌లో నేటికీ ఉన్నాయి. అటువంటి చోట వాగు స్థితిని తెలిపే జీవుల్లో స్టోన్‌ఫ్లై, అనగా రాతి ఈగ, ముఖ్యమైనది.

పేరుకే ఇది ఈగ. ఈగకు రెక్కలు రెండు, దీనికి నాలుగు; వాలినప్పుడు వాటిని వీపుపై మడుచుకుంటుంది. ప్లెకాప్టెరా అనే ఈ వర్గంలో 3,500కు పైగా జాతులున్నాయి. పిల్లపురుగు నెలల తరబడి, కొన్ని జాతుల్లో రెండు మూడేళ్లు, నీటిలోనే పెరుగుతుంది. రెక్కలు వచ్చాక బతికేది కొద్ది రోజులు లేదా వారాలే. పిల్లపురుగుకు రెండు తోకలు, ప్రతి కాలికి రెండు గోళ్లు ఉంటాయి. దీనిని పోలిన మేఫ్లై పిల్లకు సాధారణంగా మూడు తోకలు, కాలికి ఒకే గోరు.

దీని ప్రాణమంతా నీటిలో కరిగిన ఆక్సిజన్‌పైనే. 10 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. 30 డిగ్రీల వద్ద ఏడున్నరే. ఆక్సిజన్ తగ్గితే పిల్లపురుగు దండీలు తీస్తున్నట్లు ఒళ్లు పైకీ కిందికీ ఊపుతుంది. మొప్పల చుట్టూ నీరు కదిలించేందుకే ఈ యాతన. గట్టున చెట్లు నరికితే నీరు వేడెక్కుతుంది, ఆహారమూ తగ్గుతుంది. ఎందుకంటే కొన్ని జాతులు వాగులో రాలిన ఆకులను కొరికి, చిన్న జీవులకు అందేలా చేస్తాయి. పెర్లిడే వంటి కుటుంబాలవి ఇతర పురుగులను వేటాడతాయి. వీటిని చేపలు తింటాయి.

ఒండ్రు మరో శత్రువు. రాళ్ల సందులు మట్టితో పూడితే ఈ పురుగుకు నిలువనీడ ఉండదు. పొరుగునున్న దంతెవాడ జిల్లాలో బైలడిలా ఇనుప గనుల మట్టితో శంఖిని నది ఎర్రబారడం తెలిసినదే.

బ్రిటన్‌లో రూపొందిన నీటి నాణ్యతా కొలమానంలో పెర్లిడే కుటుంబానికి అత్యధికంగా 10 మార్కులు. అయితే చల్లని దేశపు లెక్క ఇక్కడ యథాతథంగా చెల్లదు. పైగా రాతి ఈగ ఉన్నంత మాత్రాన నీరు తాగవచ్చని కాదు. రోగక్రిముల సంగతి అది చెప్పదు, కాచి తాగవలసిందే. దోర్నపాల్ వద్ద ఇసుక పరచిన వెడల్పాటి శబరిలో అది కనబడకపోయినా నది చెడిందని అర్థం కాదు. వెదకవలసింది ఎగువన, రాళ్లపై నురగలు కక్కుతూ పారే వాగుల్లో. పోల్చవలసింది కూడా ఒకే వాగును: గనికో, రోడ్డు తవ్వకానికో ఎగువన ఎన్ని ఉన్నాయి, దిగువన ఎన్ని మిగిలాయి అని.