క్యాంపింగ్ (పుదుచ్చేరి)

క్యాంపింగ్ అంటే ఇల్లు వదిలి ఆరుబయట, డేరాలోనో పాకలోనో కొన్ని రాత్రులు గడపడం. నిఘంటువుల్లో మొదట కనిపించే అర్థం ఇదే. తెలుగువాళ్ల నోట మాత్రం ఆ మాట విహారంగా వినిపించేది తక్కువ. ఉద్యోగి క్యాంపుకు వెళ్తాడు, ఊరి బడిలో కంటి క్యాంపు పెడతారు, తుపాను వస్తే జనాన్ని క్యాంపుకు చేరుస్తారు, ప్రభుత్వం కూలేలా ఉంటే ఎమ్మెల్యేలను క్యాంపుకు తరలిస్తారు. పనో ఆపదో అధికారమో నలుగురిని కొన్నాళ్లు ఒకచోట ఉంచితే అది మనకు క్యాంపు. ఈ అర్థాలన్నీ ఏదో ఒక కాలంలో పుదుచ్చేరి పట్టణంలోనో దాని పొలిమేరలోనో కనబడ్డాయి.

మాట పుట్టుక

లాటిన్‌లో 'కాంపుస్' అంటే చదునైన మైదానం. రోమ్ నగరంలో సైనికులు కవాతు చేసిన 'కాంపుస్ మార్టియుస్' అలాంటిదే. ఆ మాట ఇటాలియన్‌లో 'కాంపో'గా, ఫ్రెంచిలో 'కాం'గా మారి, 16వ శతాబ్దంలో సైన్యం దిగిన చోటు అనే అర్థంతో ఇంగ్లిషుకు చేరింది. క్యాంపస్, క్యాంపెయిన్, చాంపియన్ దీని తోబుట్టువులే. సరదా కోసం డేరా వేసుకునే అలవాటు 19వ శతాబ్దం చివర బలపడింది. ఇంగ్లండులో టామస్ హైరమ్ హోల్డింగ్ 1901లో సైకిలు మీద తిరిగే క్యాంపర్లకు ఒక సంఘం పెట్టి, 1908లో వారి కోసం ఒక చేతిపుస్తకం రాశాడు. అంతకు ముందటి ఏడాదే, 1907 ఆగస్టులో, బేడెన్ పావెల్ బ్రౌన్‌సీ దీవిలో బాలురతో నడిపిన శిబిరం నుంచి స్కౌటు ఉద్యమం మొదలైంది. ఇంగ్లిషుకు 'కాం' అనే మాటనిచ్చిన ఫ్రెంచివారు 20వ శతాబ్దంలో 'క్యాంపింగ్'ను మళ్లీ ఇంగ్లిషు నుంచే తెచ్చుకున్నారు. వాళ్ల భాషలో అది డేరాలు వేసుకునే స్థలానికి కూడా పేరు.

తెలుగుకు ఈ మాట రాకముందే దాని పనిచేసే మాటలు చాలా ఉన్నాయి. రాజు సైన్యంతో దిగితే స్కంధావారం, శిబిరం, దండు. పెళ్లివారు దిగితే విడిది. బాటసారి ఒక పూట ఆగితే మజిలీ, నాలుగు రోజులుంటే మకాం, బస. చెన్నపట్నం నుంచి 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య యాత్ర మజిలీ నుంచి మజిలీకి పదిహేను నెలలకు పైగా సాగింది. ఎవరు, ఎందుకు, ఎన్నాళ్లు ఆగారో ఈ మాటల్లో ఏది వాడినా తెలిసిపోతుంది. క్యాంపు అనే ఒక్క మాట వీటన్నిటి చోటూ ఆక్రమించింది. అది సౌకర్యమే కానీ, విడిది, మజిలీ లాంటి మాటలు నిత్యవాడుకలో పలచబడటం నిజమైన నష్టం.

ముట్టడుల కాలం

ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరికి క్యాంపు మొదట శత్రువు రూపంలో వచ్చింది. 1748లో అడ్మిరల్ బోస్కవెన్ నాయకత్వంలో ఇంగ్లిషు సేన పట్టణానికి దక్షిణాన ఉన్న అరియాంకుప్పం కోటను పట్టుకుని, అక్కడి నుంచి ముట్టడి సాగించింది. అరియాంకుప్పం ఏటి ఒడ్డునే ఉన్న అరికమేడులో రోమన్ల కాలపు ద్రాక్షసారా కూజాల ముక్కలు తర్వాత బయటపడ్డాయి. 'కాంపుస్' అన్న మాట పలికిన లోకంతో ఈ రేవు ఆ ముట్టడికి పదిహేడు వందల ఏళ్ల ముందే వ్యాపారం చేసిందన్నమాట. ముట్టడి ఫలించలేదు. జబ్బులు కమ్మి, ఈశాన్య రుతుపవనం ముంచుకొచ్చి, వెయ్యిమందికి పైగా యూరోపియన్లను పోగొట్టుకుని అక్టోబరులో బోస్కవెన్ వెనుదిరిగాడు.

రెండేళ్లకు కథ తెలుగు నేల వైపు మళ్లింది. 1750 డిసెంబరులో జింజీ దగ్గర నిజాం నాసిర్ జంగ్ తన శిబిరంలోనే ఒక నవాబు చేతిలో హతమయ్యాడు. వారసుడు ముజఫర్ జంగ్‌కు పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే ఘనంగా ఉత్సవం జరిపి, సేనాని బుస్సీని తోడిచ్చి హైదరాబాదుకు పంపాడు. 1751 ఫిబ్రవరిలో కడప సీమలో, రాయచోటి ప్రాంతంలో ముజఫర్ కూడా హతమైతే, బుస్సీ దారిలోనే సలాబత్ జంగ్‌ను నిజాంగా నిలబెట్టాడు. దక్కన్ సింహాసనం ఎవరిదన్నది రెండుసార్లూ కోటలో కాక గుడారాల మధ్య తేలింది. ఈ రోజులను దినచర్యగా రాసిపెట్టిన దుబాసీ ఆనందరంగ పిళ్లై తెలుగు కవులకూ ఆశ్రయమిచ్చాడు. కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' ఆయన పేరు మీద వెలిసిన లక్షణ గ్రంథమే.

1760లో ఇంగ్లిషు సేనాని అయిర్ కూట్ పుదుచ్చేరిని మళ్లీ ముట్టడించాడు. 1761 జనవరి 1న వచ్చిన పెనుతుపానుకు ఇంగ్లిషు ఓడలు కొన్ని మునిగాయి, డేరాలు లేచిపోయాయి, ఫిరంగి దిబ్బలు చెదిరాయి. కోటలోని ఫ్రెంచివారు ఆకలితో అప్పటికే నీరసించి ఉండటంతో ఆ అవకాశాన్ని వాడుకోలేకపోయారు. రెండు వారాలకు పట్టణం లొంగిపోయింది.

కచేరీ, వైద్యం, సేవ

కలెక్టరు ఊరూరా తిరుగుతూ డేరాలోనే కచేరీ నడిపిన కంపెనీ కాలం నుంచి ఈ మాట సర్కారు తెలుగులో స్థిరపడింది. అధికారి పర్యటనలో ఉండి రాసిన ఉత్తరం పైన 'క్యాంపు:' అని ఊరి పేరు వేస్తారు. ఆయన వెంట క్యాంపు క్లర్కు ఉంటాడు. ముఖ్యమంత్రి ఇంటి దగ్గరి కార్యాలయం క్యాంపు ఆఫీసు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగువారి గడ్డ యానాం. అది కాకినాడ పక్కన, పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. రాజధానిలో ఫైలు కదలాలంటే అక్కడి ఉద్యోగికి క్యాంపు తప్పదు.

కళాశాల విద్యార్థికి ఈ మాట జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) ద్వారా పరిచయం. 1969లో మొదలైన ఆ పథకంలో దత్తత గ్రామంలో ఏడు రోజులుండి పనిచేయడాన్ని 'స్పెషల్ క్యాంపింగ్' అంటారు. క్యాంపింగ్ అనే పూర్తి రూపం మన దగ్గర ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇక్కడే కావచ్చు.

వైద్య శిబిరాల్లో కంటి క్యాంపుది ప్రత్యేకమైన చరిత్ర. ఒకప్పుడు బడిగదుల్లో, డేరాల్లోనే శుక్లాల ఆపరేషన్లు చేసేవారు. చీము పట్టి చూపు పోయే ప్రమాదం ఉండేది. డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో మదురైలో స్థాపించిన అరవింద్ కంటి ఆసుపత్రి క్రమంగా ఆ పద్ధతిని మార్చి, క్యాంపులో పరీక్ష మాత్రం చేసి, ఆపరేషను కావలసినవారిని బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లే విధానాన్ని పెంచింది. పుదుచ్చేరి శివారు తవళకుప్పంలో దాని శాఖ ఉంది. క్యాంపు అనే ఏర్పాటు సాధించిన మేళ్లలో దీన్నే ముందు చెప్పాలి.

రాజకీయ క్యాంపు

1984 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేసినప్పుడు, ఆయన వైపున్న ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించి కాపాడుకున్నారు. సెప్టెంబరు 16న ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. 'క్యాంపు రాజకీయాలు' అన్నది తెలుగు పత్రికల్లో నిలిచిపోయిన మాట. 2017 ఆగస్టులో పుదుచ్చేరి కూడా అలాంటి విడిది అయింది. తమిళనాడులో అన్నాడీఎంకేలోని దినకరన్ వర్గానికి చెందిన ఎమ్మెల్యేలు ఇక్కడి రిసార్టులో మకాం పెట్టారు. వారిలో 18 మందిపై మరుసటి నెలలో అనర్హత వేటు పడింది.

ఒడ్డున డేరా

విహారపు క్యాంపింగ్‌కు పుదుచ్చేరి వాతావరణం ఏడాదిలో కొద్ది నెలలే ఒప్పుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, ఏప్రిల్ నుంచి ఉక్కపోత. జనవరి నుంచి మార్చి దాకా అనువైన కాలం. అదే కాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. టార్చి వెలుగుకు తాబేలు పిల్లలు దారి తప్పి సముద్రానికి ఎదురు దిశలో పాకుతాయి కనుక ఒడ్డున దీపాలు ఆర్పాలి. ఇసుకలో మామూలు మేకు నిలవదు. ఇసుక నింపిన సంచికి తాడు కట్టి పాతిపెట్టాలి. పోటు గీతకు బాగా ఎగువనే డేరా వేయాలి. తీరమంతా అందరిదీ కాదు, కాబట్టి స్థలం ఎవరిదో కనుక్కుని అనుమతి తీసుకోవాలి.

ఎత్తని క్యాంపులు

తుపాను క్యాంపుకు ఆయువు కొద్ది రోజులే. 2011 డిసెంబరు 30న థానే, 2024 నవంబరు 30న ఫెంగల్ ఈ తీరాన్ని తాకినప్పుడు జనం సహాయ శిబిరాల్లో తలదాచుకుని, నీళ్లు తీశాక ఇళ్లకు చేరారు. కొన్ని క్యాంపులు మాత్రం ఎత్తివేతకు నోచుకోవు. తుంగభద్ర కాలువ కింద సాగు చేసుకోవడానికి కోస్తా జిల్లాల నుంచి వెళ్లిన తెలుగు రైతులు కర్ణాటకలోని సింధనూరు, గంగావతి ప్రాంతాల్లో వేసుకున్న గుడిసెలు ఇప్పుడు పక్కా ఊళ్లు. అయినా వాటిని క్యాంపులనే పిలుస్తారు. అక్కడ ఆ పేరు కష్టపడి నిలదొక్కుకున్నవారి గుర్తు.

పుదుచ్చేరి నుంచి చెన్నై వెళ్లే తీర రహదారి పక్కన, తమిళనాడు హద్దులోని కీళ్‌పుదుపట్టులో శ్రీలంక తమిళ శరణార్థుల క్యాంపు ఉంది. అలాంటి క్యాంపుల్లో పుట్టి పెరిగి, తామే తల్లిదండ్రులైనవారు ఉన్నారు. 1987 జూలై 1 నుంచి భారతదేశంలో పుట్టినవారికి తల్లిదండ్రులలో ఒకరైనా భారత పౌరులు కాకపోతే పుట్టుకతో పౌరసత్వం రాదు. అందువల్ల అప్పటి నుంచి ఇద్దరూ శరణార్థులైన దంపతులకు కలిగిన పిల్లలు, ఈ నేల మీదే పుట్టినా, చట్టం దృష్టిలో పుట్టుకతో భారత పౌరులు కారు.