అంబాసిడర్ ఫ్యానా, మారుతీ ఫ్యానా?

పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది 2023 డిసెంబర్లో. అంతకుముందు ఉద్దానం నుంచి పేషెంటుని విశాఖ తీసుకెళ్ళాలంటే టెక్కలి మీదుగా 150 కిలోమీటర్ల పైమాటే. దారిలో రేడియేటర్ మరిగితే సంగతేంటి?

పాత అంబాసిడర్లో ఫ్యానుని ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. స్పీడు మీద గాలి ఎలాగూ కొడుతుంది కాబట్టి అక్కడ దండగ. రైలు గేటు దగ్గర ఆగినప్పుడు, అంటే అసలు అవసరమైనప్పుడు, నీరసంగా తిరుగుతుంది. 1983 డిసెంబర్లో వచ్చిన మారుతి 800లో ఇంజను అడ్డంగా కూర్చుంది, ఫ్యాను కరెంటుదయింది. నీళ్ళు కాగితేనే తిరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే ఒకటి పోలింగు, రెండోది ఇంటరప్టు.

మరి పాత అంబాసిడర్‌కి కరెంటు ఫ్యాను పెట్టేద్దామా? ఆగండి. బండి ఆగి ఉంటే డైనమో సరిగ్గా ఛార్జింగ్ ఇవ్వదు, ఫ్యాను బ్యాటరీని పీల్చేస్తుంది. ముందు ఆల్టర్నేటర్, తర్వాతే ఫ్యాను. అది కుదరకపోతే బెల్టే మేలు.

ఇంకోటి. బెల్టు వదులైతే కంటికి కనిపిస్తుంది, స్పానరుతో బిగించుకోవచ్చు. థర్మో స్విచ్ పోతే సూది పైకెక్కేదాకా తెలీదు. పేషెంటుని ఎక్కించుకునే బండికి నేను చూసేది పొదుపు కాదు, చెడబోయేది ముందే తెలుస్తుందా లేదా అన్నదే.