అమృతాంజనం పేరుకు కంచె ఎవరు కట్టారు?



మైలాపూరులో లజ్ చర్చి రోడ్డు మీదున్న నాగేశ్వరరావు పార్కు మనలో చాలామందికి తెలిసిందే. ఆ పేరు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిదని కూడా తెలుసు. ఆంధ్రపత్రిక, భారతి, ఆంధ్ర గ్రంథమాల, 1937లో ఆయన ఇంట్లో జరిగిన శ్రీబాగ్ ఒడంబడిక గురించి మన సభల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. మరి వీటన్నిటికీ డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? చాలావరకు ఒక చిన్న సీసా నుంచి, ఆ సీసా మీదున్న పేరు నుంచి. ఈసారి ఆ పేరు గురించే రాస్తున్నాను. సొంత వ్యాపారం ఉన్న మన సభ్యులందరికీ దీనితో పని ఉంది.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన పంతులుగారు బతుకుతెరువు కోసం బొంబాయి వెళ్ళారు. 1893లో అక్కడే అమృతాంజనం మొదలుపెట్టారు. తలనొప్పికి రాసుకునే పసుపుపచ్చ లేపనం. అమృతం, అంజనం అందరికీ తెలిసిన మాటలే. కానీ ఆ రెండూ కలిపి ఒక మందుకు పేరుగా పెట్టాక అది మామూలు మాట కాకుండా పోయింది. దుకాణంలో ఎవరైనా ఆ పేరు చెప్పి అడిగితే ఫలానా సీసాయే చేతికి రావాలి. వ్యాపార చిహ్నం, అంటే ట్రేడ్‌మార్క్, చేసే పని అంతకన్నా పెద్దదేం కాదు.

ఇక్కడ ఒక విశేషం ఉంది. ఆ రోజు పంతులుగారు ఆ పేరును రిజిస్టరు చేయించుకోవాలనుకున్నా, చేయించుకోవడానికి మన దేశంలో రిజిస్టరే లేదు. ఇంగ్లండులో 1875లోనే చట్టం వచ్చింది. 1876 జనవరి 1న బాస్ అనే బీరు కంపెనీ ఎర్ర త్రికోణం అక్కడ మొదటి చిహ్నంగా నమోదైంది. మనకు మాత్రం 1889లో వచ్చిన చట్టం దొంగ ముద్రలు వేసినవాణ్ణి శిక్షించడానికే పనికొచ్చింది. ఫలానా పేరు ఫలానావారిదని రాసిపెట్టే పుస్తకం లేదు. అందుకని వర్తకులు, ఈ గుర్తు మాది అని ఒక ప్రకటన రాసి, దస్తావేజులు రిజిస్టరు చేసే ఆఫీసులో నమోదు చేయించి, ఎవరూ దీన్ని వాడరాదని పత్రికల్లో హెచ్చరిక వేయించేవారు. ట్రేడ్‌మార్కుల చట్టం 1940లో వచ్చింది. అప్పటికి అమృతాంజనం వయసు 47 ఏళ్ళు. పంతులుగారు కన్నుమూసి రెండేళ్ళు.

మరి ఆ 47 ఏళ్ళూ ఆ పేరు ఎలా నిలబడింది? ఎడతెగని వాడకం వల్ల. 1914లో మద్రాసు నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా రావడం మొదలైంది. అమృతాంజనం కూడా బొంబాయి నుంచి మద్రాసుకు చేరింది. పత్రికలో అమృతాంజనం ప్రకటన, అమృతాంజనం డబ్బుతో పత్రిక. సంగీత సభల్లో సీసాలు ఉచితంగా పంచేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పేరు జనం నోట్లో నానింది. 1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. ఇది చాలా ముఖ్యమైన మలుపు. 1938లో ఆయన పోయేనాటికి ఆ వ్యాపారం కంపెనీ రూపంలో ఉంది. కంపెనీకి మరణం లేదు, పంపకాలు లేవు. చేతులు మారినా సీసా మీది పేరు చెక్కుచెదరకపోవడానికి అదొక కారణం.

ఆ తరవాత వచ్చిన చట్టాలు, తీర్పులు కూడా ఈ వాడకానికే పెద్దపీట వేశాయి. మూడు తీర్పులు చెబుతాను.

మొదటిది అమృతం పేరుతోనే ఉన్న మరో మందుది. లాహోర్‌లో పుట్టి, దేశ విభజన తరవాత డెహ్రాడూన్ చేరిన అమృతధార. లక్ష్మణధార అనే మందువాళ్ళు రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెడితే అమృతధారవాళ్ళు అడ్డుపడ్డారు. రెండు పేర్లూ దగ్గరగానే ఉన్నాయని, అరకొర జ్ఞాపకంతో కొనే మామూలు మనిషి పొరబడతాడని 1962లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయినా అమృతధారవాళ్ళు పూర్తిగా గెలవలేదు. లక్ష్మణధార 1923 నుంచి అమ్ముడవుతోంది, అది తెలిసీ వీళ్ళు ఊరుకున్నారు. అందుకని ఉత్తరప్రదేశ్ వరకు లక్ష్మణధార రిజిస్ట్రేషన్‌ను కోర్టు ఉండనిచ్చింది. పేరు మనదే అయినా, చూస్తూ ఊరుకుంటే అందులో కొంత పక్కవాడికి పోతుంది.

రెండోది మన ఈనాడు. బెంగుళూరులో ఒక అగరుబత్తుల వ్యాపారి తన సరుకుకు ఆ పేరు పెట్టాడు. కన్నడంలో ఆ మాటకు ఈ నేల అని అర్థం, తెలుగులో ఈ రోజు అని. నిఘంటువులో ఉన్న మాట మీద ఎవరికైనా హక్కేమిటన్నది వాదం. 1974 నుంచి వస్తున్న పత్రిక వల్ల ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాట వినగానే జనానికి పత్రికే గుర్తొస్తుందని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ రాష్ట్రంలో అగరుబత్తులకు ఆ పేరు వాడకూడదంది.

మూడోది మన పక్కదే, తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా. చీకటి కొట్టు అని ఆ పేరుకు అర్థం. మరొకరు ఆ పేరుకు ముందు ఊరి పేరు తగిలించి రిజిస్ట్రేషన్ కూడా తెచ్చుకున్నారు. రెండు పక్షాల దగ్గరా కాగితాలున్నాయి. ముందునుంచి వాడుతున్నవారి హక్కే, రిజిస్ట్రేషన్ కన్నా, పెద్దదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంతవరకు చదివి, అయితే రిజిస్ట్రేషన్ ఎందుకు, మేము ఇరవై ఏళ్ళుగా వాడుతున్నాం కదా అని కొందరు అనుకోవచ్చు. అక్కడే ఆగండి. ముందునుంచి వాడుతున్నామని కోర్టులో రుజువు చెయ్యాల్సింది మనమే. పాత బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, పన్ను కాగితాలు ఎందరింట్లో ఉన్నాయి? సుప్రీంకోర్టు దాకా వెళ్ళే శక్తి ఎన్ని పచ్చళ్ళ కొట్లకు ఉంటుంది? హక్కు వాడకంతో పుడుతుంది. రిజిస్ట్రేషన్ దానికి సాక్ష్యం. పొలం మనదైనా పట్టా ఎందుకు తీసుకుంటామో, ఇదీ అందుకే.

పంతులుగారికి లేని ఆ పుస్తకం ఇప్పుడు మన ఊళ్ళోనే, గిండీలో ఉంది. దక్షిణాది రాష్ట్రాల దరఖాస్తులన్నీ చెన్నై ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీకే వస్తాయి, హైదరాబాదువీ విజయవాడవీ కూడా. ప్రస్తుత చట్టం 1999 నాటిది, 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉంది. సరుకులు, సేవలు కలిపి 45 తరగతులు. మందులు 5లో, పచ్చళ్ళు 29లో, మిఠాయిలు 30లో, హోటళ్ళు 43లో వస్తాయి. 2017 నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, చిన్న సంస్థలకు తరగతికి 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. దరఖాస్తు జర్నల్‌లో అచ్చయ్యాక నాలుగు నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. నమోదైతే పదేళ్ళు చెల్లుతుంది, ఆపైన పదేళ్ళకోసారి పొడిగించుకోవచ్చు. నమోదు కాకముందే వృత్తంలో ఆర్ గుర్తు వేసుకోవడం చట్టవిరుద్ధం. అప్పటిదాకా టీఎం అని వేసుకోండి.

పేరు ఎంచుకునేటప్పుడు ఒక్క మాట. ఆంధ్రా మెస్ అని ఎవరైనా పెట్టుకోవచ్చు, ఎవరూ సొంతం చేసుకోలేరు. అది సరుకేమిటో చెబుతుంది, ఎవరిదో చెప్పదు. దాని పక్కన మీదైన మాట ఒకటి ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, దరఖాస్తులో యజమాని అన్నచోట ఎవరి పేరు రాస్తున్నారన్నది. తండ్రి పెట్టిన కొట్టు, అన్నదమ్ములు నడిపిన కొట్టు. గిన్నెలూ గల్లాపెట్టె పంచుకోవడం తేలిక, పేరు పంచుకోవడమే కష్టం. భాగస్వామ్యమా, కంపెనీయా, ఒక్కరి సొంతమా అన్నది అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే రోజుల్లోనే తేల్చుకోండి. పంతులుగారు తాను బతికుండగానే ఆ పని చేశారు. పెద్దవాళ్ళుండగానే ఆ ఒక్క ప్రశ్న ఇంట్లో అడగండి: బోర్డు మీది పేరు కాగితం మీద ఎవరిది?