ఇంటి వైఫై: కొత్త రూటర్ పెట్టాక వచ్చే చిక్కులు

పాత రూటర్ తీసి కొత్తది పెట్టిన ఇళ్లలో సాధారణంగా నాలుగు రకాల ఇబ్బందులు కనబడతాయి. వైఫై పేరు అసలు కనబడదు. కనబడినా ఫోన్ కలవదు. కలిసినా నెట్ రాదు. వచ్చినా వేగం ఉండదు. ఇంట్లో మాత్రం నాలుగింటికీ ఒకటే మాట: “నెట్ రావట్లేదు.” ఈ నాలుగింటికీ కారణాలు వేరు, వెతకాల్సిన చోట్లు వేరు. ఏ రకమో ముందు తేల్చుకుంటే సగం పని అయినట్టే.

కొత్త పెట్టె పాడైందని చాలామంది వెంటనే అనుకుంటారు. చాలాసార్లు అది పాడై ఉండదు. కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వైఫై పేరు, సీసీ కెమెరాల డీవీఆర్‌కు కేటాయించిన అడ్రస్ లాంటి వివరాలన్నీ పాత రూటర్ ఏళ్ల తరబడి తనలో దాచుకుని ఉంటుంది. వాటిలో ఒక్కటీ కొత్తదానికి తెలియదు. అందుకే పాతది ఊడదీసే ముందు దాని సెట్టింగుల పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. పది నిమిషాల ఈ పని తర్వాతి రెండు రోజుల అవస్థను తప్పిస్తుంది.

లైన్ వేరు, వైఫై వేరు

వైఫై అంటే రూటర్‌కూ ఫోన్‌కూ మధ్య గాలిలో నడిచే రేడియో సంబంధం మాత్రమే. 802.11 అనే దాని మొదటి ప్రమాణం 1997లో వచ్చింది. ఇంటర్నెట్ ఇంట్లోకి వచ్చే దారి వేరు: వీధి స్తంభం నుంచి సన్నని ఫైబర్ తీగ, ఇంట్లో గోడకు ఫైబర్ బాక్స్ (కొందరు మోడెం అంటారు, కంపెనీవాళ్లు ఓఎన్‌టీ అంటారు), అక్కడి నుంచి లాన్ కేబుల్, ఆ చివర రూటర్. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ ఈ తీగను కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లకు చేర్చింది. చాలా ఇళ్లలో ఫైబర్ బాక్సే వైఫై కూడా ఇస్తుంది. దాని సిగ్నల్ పెరటి దాకా అందడం లేదని సొంతంగా ఒక రూటర్ కొన్నప్పుడు పెట్టెలు రెండవుతాయి. తగవు అక్కడే మొదలవుతుంది.

మొదటి పరీక్ష ఒక్కటే. ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రూటర్‌కు కలిపి చూడాలి. కేబుల్ మీద నెట్ చక్కగా వస్తే లోపం గాలిలో, అంటే వైఫైలో ఉంది. కేబుల్ మీద కూడా రాకపోతే ఫోన్‌ను ఎన్నిసార్లు ఆపి పెట్టినా లాభం లేదు. లోపం రూటర్‌లోనో దానికి అవతలో ఉంది.

ఫైబర్ బాక్స్ మీద లాస్ అనే దీపం ఎర్రగా వెలిగితే బాక్సుకు వెలుతురు అందడం లేదని అర్థం. ఫైబర్ తీగలో నడిచేది కరెంటు కాదు, కాంతి. తీగ బాగా మడత పడితే ఆ కాంతి వంపు దగ్గరే బయటికి జారిపోతుంది. కొత్త రూటర్ కోసం టీవీ స్టాండ్ వెనక సర్దేటప్పుడు మిగులు తీగను బిగించి చుట్టి రబ్బరు బ్యాండ్ వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. వదులుగా, పళ్లెం అంత వెడల్పున చుట్టలా పెట్టాలి. మడత విప్పినా ఎర్రదీపం పోకపోతే లైన్‌మన్ రావాల్సిందే.

అవతలివాళ్లు కొత్త పెట్టెను గుర్తించకపోవడం

దీపాలన్నీ పచ్చగా ఉన్నా నెట్ రాకపోతే రూటర్ పేజీలో వ్యాన్ అడ్రస్, అంటే బయటి లైన్ వైపు అడ్రస్ చూడాలి. రూటర్ అడుగున అంటించిన చీటీ మీద ఆ పేజీ అడ్రస్ ఉంటుంది, ఎక్కువగా 192.168.0.1 లేదా 192.168.1.1. వ్యాన్ దగ్గర అన్నీ సున్నాలుంటే అవతలివైపు నుంచి రూటర్‌కు అడ్రస్ అందలేదు.

దీనికి రెండు కారణాలు తరచుగా కనబడతాయి. చాలా కనెక్షన్లు పీపీపీఓఈ పద్ధతిలో నడుస్తాయి, అంటే రూటరే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వెళ్లాలి. ఇవి వైఫై పాస్‌వర్డ్‌కు సంబంధం లేనివి. కనెక్షన్ ఇచ్చిన రోజు వచ్చిన అబ్బాయి పాత రూటర్‌లో కొట్టి వెళ్లిపోయి ఉంటాడు, ఇంట్లో ఎవరికీ తెలియవు. రెండోది మ్యాక్ అడ్రస్. ప్రతి రూటర్‌కూ కర్మాగారంలోనే ఒక గుర్తింపు సంఖ్య వేస్తారు. కొందరు ఆపరేటర్లు పాత రూటర్ సంఖ్యను తమ దగ్గర రాసుకుని, దానికి తప్ప మరో పెట్టెకు నెట్ ఇవ్వరు. వాళ్లకు ఫోన్ చేసి కొత్త సంఖ్య చెప్పాలి. లేదా కొత్త రూటర్‌లో మ్యాక్ క్లోన్ అనే చోట పాత సంఖ్యనే వేయాలి.

ఈ దశలోనే చాలామంది విసిగి రూటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో పొడుస్తారు. అది రీసెట్. అప్పటిదాకా కొట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆపి మళ్లీ పెట్టడం వేరు, రీసెట్ వేరు. ఊళ్లో అమ్మానాన్నలకు అమెరికా నుంచి ఫోన్‌లో సాయం చేసే పిల్లలు ఈ తేడాను మొదటి మాటగా చెప్పాలి. ఆ ఇంటికి నెట్ అంటే మనవడి ముఖం చూసే వీడియో కాల్. ఒక్క పిన్నుపోటుతో లైన్‌మన్ వచ్చేదాకా అది ఆగిపోతుంది. ఫోన్‌లోని మొబైల్ డేటా మీద కెమెరా తెరిపించి, దీపాలు ఏ రంగులో వెలుగుతున్నాయో స్వయంగా చూసి చెప్పడం మేలైన పద్ధతి.

వ్యాన్ అడ్రస్ 192.168తో మొదలైతే ఫైబర్ బాక్స్ కూడా రూటర్ పని చేస్తోందన్నమాట. మామూలు వాడకానికి పెద్ద ఇబ్బంది ఉండదు. కానీ రెండు పెట్టెలూ లోపలివైపు 192.168.1.1 అనే అడ్రస్సే వాడుతుంటే, కొత్త రూటర్‌కు ఇంటి లోపల ఏదో, బయట ఏదో తెలియకుండా పోతుంది. కొన్ని రూటర్లు తమంతట తాము అడ్రస్ మార్చుకుంటాయి. మార్చుకోకపోతే మనమే 192.168.2.1 లాంటిది ఇవ్వాలి. అంతకంటే శుభ్రమైన దారి కొత్తదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం. అప్పుడు అది వైఫై పంచే పని ఒక్కటే చేస్తుంది. పాత బాక్స్ వైఫైని ఆపేస్తే ఫోన్లు బలహీనమైన పాత సిగ్నల్‌నే పట్టుకుని వేలాడవు.

ఫోన్ కలుస్తుంది, బల్బు కలవదు

కొత్త రూటర్‌కు పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా పెడితే చాలా పరికరాలు వాటంతటవే వచ్చి కలుస్తాయి. పేరు అదే ఉండి పాస్‌వర్డ్ మారితే మాత్రం ఫోన్ పాతదాన్నే పంపుతూ విఫలమవుతుంది. ఆ పేరును ఫోన్ నుంచి తొలగించి మళ్లీ కలపాలి.

భద్రత రకం కూడా అడ్డుపడుతుంది. డబ్ల్యూపీఏ2 రక్షణ 2004 నుంచి ఉంది. డబ్ల్యూపీఏ3 2018లో వచ్చింది. కొత్త రూటర్ డబ్ల్యూపీఏ3 మాత్రమే ఇస్తుంటే పాత టీవీ, పాత ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ సరైనదైనా కలవవు. రెండూ కలిసిన మోడ్ పెడితే సరిపోతుంది.

వైఫై బల్బులు, ప్లగ్గులు, చౌక కెమెరాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. కొత్త రూటర్లు 2.4నూ 5నూ ఒకే పేరుతో చూపిస్తాయి. ఫోన్ 5 మీద ఉండి బల్బును జతచేయబోతే కొన్ని యాప్‌లు తడబడతాయి. ఆ కాసేపు 5ను ఆపి, జత కుదిరాక మళ్లీ పెట్టుకోవచ్చు.

పరికరం వైఫైకి కలిసినట్టే ఉండి దాని అడ్రస్ 169.254తో మొదలైతే, రూటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదని గుర్తు. రూటర్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ ఆగి ఉందేమో చూడాలి.

సీసీ కెమెరాలు, ప్రింటర్ సంగతి

నా లెక్కలో ఎక్కువ మందిని తికమకపెట్టేది ఇదే. ఫోన్లు, టీవీ అన్నీ బాగుంటాయి. డీవీఆర్ ఒక్కటే పనిచేయదు. కెమెరాలు బిగించినవాళ్లు డీవీఆర్‌కు స్థిరమైన అడ్రస్ ఇచ్చి వెళ్తారు, ఉదాహరణకు 192.168.1.50. కొత్త రూటర్ ఇంటికి 192.168.0తో మొదలయ్యే అడ్రస్‌లు పంచుతోందనుకుందాం. మూడో సంఖ్య మారింది కాబట్టి డీవీఆర్ అదే తీగకు తగిలించి ఉన్నా వేరే వీధిలో ఉన్నట్టే. డీవీఆర్‌ను, ప్రింటర్‌ను, మరో నాలుగింటిని మార్చడం కంటే కొత్త రూటర్ అడ్రస్‌నే పాతదాని ప్రకారం 192.168.1.1గా మార్చడం తేలిక. అయితే ఫైబర్ బాక్స్ కూడా అదే అడ్రస్ వాడుతుంటే ఇది కుదరదు. అప్పుడు యాక్సెస్ పాయింట్ మోడే శరణ్యం.

వేగం 95 దగ్గర ఆగిపోతే

300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్న ఇంట్లో కేబుల్ మీద కొలిచినా 94, 95 దగ్గరే ఆగితే అది యాదృచ్ఛికం కాదు. ఎక్కడో ఒకచోట లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోయింది. లాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. 100కు అక్కర్లేని ఆ మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా, ప్లగ్ బిగించేటప్పుడు నాలుగు తీగలే వాడినా నెట్ ఆగదు, వేగం మాత్రం పడిపోతుంది. అందుకే ఈ లోపం ఏళ్ల తరబడి కనబడకుండా ఉంటుంది. కేబుల్ మార్చి చూడాలి. చౌక రూటర్లలో పోర్టులే 100 ఎంబీపీఎస్‌వి ఉంటాయి. అప్పుడు కేబుల్ మార్చినా ఫలితం ఉండదు.

అడాప్టర్ల తారుమారు మరొకటి. ఫైబర్ బాక్స్, రూటర్ అడాప్టర్ల పిన్నులు ఒకేలా ఉండొచ్చు. వోల్టులు, ఆంపియర్లు వేరు కావచ్చు. చాలని ఆంపియర్ల అడాప్టర్ తగిలిస్తే రూటర్ వెలుగుతుంది, నాలుగైదు ఫోన్లు వాడగానే దానంతటది ఆగి మళ్లీ మొదలవుతుంది.

చోటు

మన ఇళ్లలో తీగ ఎక్కడ లోపలికొస్తే రూటర్ అక్కడే ఉండిపోతుంది: వీధి గది మూలన, టీవీ వెనక, లేదా బీరువా మీద. ఇనప బీరువా రేడియో తరంగాలను తిప్పికొడుతుంది. ఇనప చువ్వల శ్లాబు మేడ మీదికి వెళ్లే సిగ్నల్‌ను బాగా తగ్గిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5ది అందులో సగం కంటే తక్కువ. 5 వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి ఎక్కువ నీరసిస్తుంది. 2.4 దూరం వెళ్తుంది, కానీ ఇరుగుపొరుగుల రూటర్లూ, మైక్రోవేవ్ ఓవెనూ, బ్లూటూతూ అక్కడే తిరుగుతుంటాయి. హైదరాబాద్‌లోని ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా వైఫై జాబితా తెరిస్తే ఇరవై పేర్లు కనబడటం మామూలే. ఆ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని చానెళ్లు 1, 6, 11. మధ్యలోని 3, 4 లాంటివి ఎంచుకుంటే అటూ ఇటూ ఇద్దరితోనూ గొడవే.

మేడ మీద సిగ్నల్ కోసం చాలామంది రిపీటర్ కొంటారు. అది వచ్చిన సిగ్నల్‌నే మళ్లీ పలుకుతుంది కాబట్టి వేగం చాలా తగ్గుతుంది. బలహీనమైన చోట పెడితే ఆ బలహీనతనే పంచుతుంది. మెట్ల పక్కగా ఒక లాన్ కేబుల్ లాగి పైన రెండో యాక్సెస్ పాయింట్ పెట్టడం నా ఉద్దేశంలో ఎప్పటికైనా మంచిది. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు వైరింగ్ పైపులతో పాటే దీనికీ ఒక పైపు వేయించుకోవాలి.

అన్నీ కుదిరాక రూటర్ పేజీలోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేయడం మిగులుతాయి.

రూటర్‌లోనే లోపం ఉండటం కూడా జరుగుతుంది. సరైన అడాప్టర్ మీద, కొత్త కేబుల్ మీద, ఒక్క ల్యాప్‌టాప్ మాత్రమే తగిలించి ఉన్నా అది రోజుకు రెండుమూడుసార్లు దానంతటది ఆగిపోతుంటే, పాత రూటర్‌ను అదే చోట పెట్టి ఒక రోజు చూడాలి. దానిమీద లైన్ నిలకడగా ఉంటే కొత్తది దుకాణానికి వెనక్కి వెళ్లాల్సిందే. అందుకోసం బిల్లు, అట్టపెట్టె, అడుగున చీటీ చిరగకుండా ఉంచుకోవాలి. తిరిగి తీసుకునే గడువు చాలాచోట్ల కొద్ది రోజులే.