ఎముకకు దారి చూపి కరగిపోవు పూత

తుంటికీలు అరిగిపోయి అడుగు తీసి అడుగు వేయలేనివారికి, తొడయెముక బోలులోనికి లోహపు కాడను దించి కృత్రిమమైన కీలును అమర్చుట నేడు అంత అరుదైన విషయము కాదు. కాని ఆ లోహమును ఎముక తనదానిగా స్వీకరించునా? ఈ చిక్కు విడుటకు సుమారు నూరేండ్లు పట్టినది.

పరాయి వస్తువు లోపలికి వచ్చినప్పుడు శరీరము సాధారణముగా దాని చుట్టు నారకణజాలముతో ఒక సంచిని అల్లి దానిని వెలివేయును. అట్టి మెత్తని పొరలో నిలిచిన కాడ అడుగడుగునకు కొద్దిగా కదలును. కదలినకొద్దీ వదులగును.

1892లో జర్మనీ వైద్యుడు డ్రేస్‌మన్ రోగుల ఎముకలలో ఏర్పడిన గుల్లలను పారిస్ ప్లాస్టరుతో నింపి చూచెను. ప్లాస్టరు క్రమముగా కరగిపోగా ఆ చోట కొత్త ఎముక పెరిగినది. అయితే ఎముక పెరుగు వేగముకంటె ప్లాస్టరు కరగు వేగమే తరచు ఎక్కువ. 1920లో అమెరికాలో ఆల్బీ, మారిసన్ అనువారు ట్రైకాల్షియమ్ ఫాస్ఫేటును జంతువుల విరిగిన ఎముకలలో ప్రయోగించిరి. 1926లో డి యాంగ్ ఎక్స్-కిరణములతో పరీక్షించి, ఎముకలోని ఖనిజము భూమిలో దొరకు అపటైటును పోలియున్నదని చూపెను.

దీనికి సంబంధించిన ఒక ప్రయోగమును తరగతిలోనే చేయవచ్చును. శుభ్రము చేసిన కోడికాలి ఎముకను కొన్ని దినములు వినిగరులో నానబెట్టుడు. అది రబ్బరువలె వంగును. ఆమ్లము కాల్షియమ్ ఫాస్ఫేటును కరగించివేయగా, మిగిలినది కొల్లాజెన్ అను మాంసకృత్తు. మన ఎముకలలో ఆస్టియోక్లాస్టులు అను కణములు జీవితాంతము చేయు పని దాదాపు ఇదే. అవి ఆమ్లమును విడిచి పాత ఎముకను కరగించును. వాని వెనుకనే వేరు కణములు కొత్త ఎముకను కట్టుచు వచ్చును. కాబట్టి ఎముక దృష్టిలో కరగుట చెడిపోవుట కాదు, మరమ్మతులో మొదటి మెట్టు.

1967లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయమునకు చెందిన లారీ హెంచ్ ఒక సభకు బస్సులో పోవుచుండెను. ప్రక్కన కూర్చున్న సైనికాధికారి వియత్నాం యుద్ధమునుండి తిరిగివచ్చినవాడు. గాయపడిన యువకుల కాళ్లు చేతులు తీసివేయవలసి వచ్చుచున్నదనియు, శరీరము వెలివేయని పదార్థమును చేయలేరా యనియు అతడు అడిగెను. హెంచ్ గాజును గూర్చి పరిశోధించువాడు, వైద్యుడు కాడు. అయినను ఎముకలోనే ఉన్న కాల్షియమ్, భాస్వరములను గాజులో చేర్చినచో ఏమగునని ఆలోచించెను. 1969లో తయారైన ఆ గాజుముక్కలను ఎలుకల తొడయెముకలలో పెట్టిరి. ఆరు వారముల తరువాత లాగిచూడగా అవి ఊడిరాలేదు! కాని గాజు పెళుసు. మనిషి బరువును మోయజాలదు.

బలము లోహమునకు, స్నేహము ఖనిజమునకు ఉన్నప్పుడు రెంటిని కలుపుటయే మార్గము. 1985లో లండనులో ఫర్లాంగ్, మరుసటి ఏడు నెదర్లాండ్సులో గీసింక్, హైడ్రాక్సీ అపటైటు పూతగల తుంటికాడలను రోగులకు అమర్చసాగిరి. ఈ ఖనిజపు పొడిని వేలకొలది డిగ్రీల వేడిగల ప్లాస్మా జ్వాలగుండ పంపి టైటానియముపై చిమ్ముదురు. ఆ వేడికి కొంత భాగము స్ఫటికరూపమును కోల్పోవును; ఆ భాగమే శరీరములో త్వరగా కరగును. కరగి విడిచిన కాల్షియమ్, ఫాస్ఫేటులు పూతపై మరల ఎముక ఖనిజముగా పేరుకొనును. కొత్త ఎముకకు అదియే పునాది.

పూత దళసరియైనచో పగులును, మరీ పలుచనైనచో ఎముక రాకముందే పోవును. అందుచే చాలమంది తలవెంట్రుక మందమునకు అటునిటుగా ఉంచిరి.

అయినను కొందరు వైద్యులకు భయము వదలలేదు. పూత అంతయు కరగిపోయిన నాడు ఎముక పట్టు సడలదా? ఇది న్యాయమైన సందేహమే. మరణానంతరము కొందరి తుంటికాడలను బయటకు తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. పూత పలుచబడిన చోట్లను, బొత్తిగా మాయమైన చోట్లను సైతము ఎముక గరుకైన టైటానియమును నేరుగా అంటియుండుట కనబడినది.